బిందె మోసే జడలు

దువ్వెన అక్కర్లేని తలను చూసుకోవడం తేలికంటారా, కష్టమంటారా? తొందరపడకండి. ఆలోచించి చెప్పండి.

తేలికేనా? చిక్కు తియ్యక్కర్లేదు, పొద్దున్నే నా ముందు కూర్చుని ఏడవక్కర్లేదు, అంతేనా? బాగుంది. శరభయ్య కూడా అచ్చం మీలాగే అనుకున్నాడు. అతని కథే చెబుతాను. మధ్యలో లేవకూడదు మరి.

తుంగభద్ర ఒడ్డున ఒక చిన్న మఠం ఉండేది. దానికి పెద్ద మహంతమ్మ. ఆవిడ సన్యాసిని. ఆవిడకు మోకాళ్ళ దాకా జడలు. జడలంటే మీరు వేసుకునే మూడుపాయల జడ కాదు. దువ్వడం మానేసి, నూనె మానేసి, ఏళ్ళ తరబడి ఓపిక పడితే వెంట్రుకలు వాటంతటవే పెనవేసుకుని తాళ్ళలా దిగుతాయి. శివుడి పటంలో చూస్తారే, అవి. వాటిని ఎవరూ అల్లరు. అవే కట్టుకోవాలి.

మఠం వెనక గుట్ట, గుట్ట మీద గుడి. శివరాత్రి నాడు అభిషేకానికి నదిలోంచి ఇత్తడి బిందెతో నీళ్ళు తీసుకెళ్ళాలి. ఎవరుపడితే వాళ్ళు కాదు. తల మీద గుడ్డతో చేసిన చుట్టకుదురు పెట్టుకోకూడదు. తమ జడలనే చుట్టగా చుట్టి, దాని మీద బిందె నిలిపి, చెయ్యి తగిలించకుండా మెట్లన్నీ ఎక్కాలి. అది ఆ మఠం ఆచారం. వయసులో ఉన్నప్పటి నుంచీ ఆ బిందె మోసింది మహంతమ్మే. ఇప్పుడామెకు మోకాళ్ళు పట్టేస్తున్నాయి.

తర్వాత ఎవరు? ఇంకెవరు, తనే అనుకున్నాడు ఆ మఠంలోనే ఉండే సాధువు శరభయ్య.

అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. మఠంలో ఆవిడ తర్వాత అంతటి జడలు ఇంకెవరికీ లేవు. మనిషి నిష్ఠగలవాడు. రోజుకు మూడుసార్లు నదిలో మునిగేవాడు. ఒడ్డుకు వస్తూనే జడలన్నీ పైకెత్తి, బిగించి, నడినెత్తిన గోపురంలా ముడి వేసేవాడు. తడి మీద ముడి ఎంత చక్కగా కుదురుతుందో మీకు తెలుసు కదా. ఆరిన జుట్టు చెప్పిన మాట వినదు. ఒకటి ఇటు లేస్తుంది, ఒకటి అటు లేస్తుంది. తడిజుట్టు అలా కాదు, ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. ముడి మీద విభూతి రాసుకుని, సాంబ్రాణి పొగ పట్టించుకుని అతను అరుగు మీద కూర్చుంటే, వచ్చినవాళ్ళ చూపు ముందు అతని తల మీదే పడేది.

"ఒక్కటి ముట్టుకోనా సామీ?" అని అడిగేవారు. అతను ఒక జడ విప్పి కిందికి వదిలేవాడు. వాళ్ళు దాన్ని అరచేతుల్లోకి తీసుకుని, "అబ్బ, ఎంత బరువో!" అని కళ్ళకద్దుకునేవారు.

ఆ మాట వినడానికి అతనికి ఎప్పుడూ విసుగు రాలేదు.

మహంతమ్మ మాత్రం పొద్దున స్నానం చేసి, మఠం పక్కనున్న బండ మీద నదికేసి తిరిగి కూర్చునేది. జడలన్నీ వీపు మీద పరుచుకుని, కళ్ళు మూసుకుని, ఎండ నడినెత్తికొచ్చేదాకా అక్కడే. పాపం, మోకాళ్ళ నొప్పులు, వెచ్చదనానికి కూర్చుంటోంది అనుకునేవాడు శరభయ్య. ఒకసారి ఆముదం కాచి కూడా తెచ్చిచ్చాడు. ఆవిడ నవ్వి తీసుకుంది.

శివరాత్రి రేపనగా అతనిక ఉండబట్టలేక బండ దగ్గరికి వెళ్ళాడు. ముందురోజు ఆదోని నుంచి వచ్చిన ఒకామె అప్పుడు మహంతమ్మ పాదాలకు మొక్కుతోంది.

"అవ్వా, రేపు బిందె..." అని ఆగాడు శరభయ్య.

"ఊఁ, బిందె?"

"మీకు మోకాళ్ళు బాగాలేవు. నేను మోస్తాను."

ఆదోని ఆమె వెంటనే అందుకుంది. "ఆ సామి మోస్తేనే అందం తల్లీ. ఆ జడల బరువు చూశారా? నిన్న ముట్టుకున్నా. నా చెయ్యే వంగిపోయింది!"

"బరువా?" అంది మహంతమ్మ. "ఏదీ, ఇలా రా అబ్బయ్యా. వంగు."

శరభయ్య వంగాడు. ఇన్నేళ్ళలో ఆవిడ అతని తల ముట్టుకోవడం అదే మొదలు. ఆవిడ ముడి విప్పింది. అన్నిటికన్నా లావుపాటి జడను చేతిలోకి తీసుకుని తూచినట్టు ఎత్తి చూసింది.

"నిజమే. చాలా బరువుంది."

అతని ఛాతీ పొంగింది.

ఆవిడ ఆ జడను రెండు చేతులతో పట్టుకుని, ఉతికిన బట్టను పిండినట్టు ఒక్క మెలి తిప్పి పిండింది.

బండ మీద టపటపా నీళ్ళు పడ్డాయి. తేటనీళ్ళు కావు, బురదరంగు నీళ్ళు. వాటితో పాటు వాసన కూడా వచ్చింది. వానాకాలం మూలన పడేసిన గోనెసంచి వాసన. సాంబ్రాణి దాన్ని ఆపలేకపోయింది. ఆదోని ఆమె ముక్కుకు పైట కొంగు అడ్డం పెట్టుకుని, మెల్లగా రెండడుగులు వెనక్కి వేసి, గుడి చూసొస్తానని వెళ్ళిపోయింది.

"పొద్దున స్నానం చేశానవ్వా. ఆ నీళ్ళే," అన్నాడు శరభయ్య.

"పొద్దుటివి పైనుంటాయి. ఇవి లోపలివి."

ఆవిడ తన జడల్లో ఒకదాన్ని తీసి అతని దోసిట్లో పెట్టింది. మోకాళ్ళ దాకా పొడవున్న జడ. అతని జడకన్నా రెండింతలు లావు. శరభయ్య అరచేతులు బరువు కోసం సిద్ధంగా ఉన్నాయి. బరువు రాలేదు. ఎండిన జొన్నచొప్ప పట్టుకున్నట్టుంది. ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. ఎండ వాసన తప్ప ఇంకేమీ లేదు.

"మీరు ఇక్కడ కూర్చునేది మోకాళ్ళ కోసం అనుకున్నాను," అన్నాడు.

"ఆముదం మంచిదే తెచ్చావు," అందావిడ.

తర్వాత తన పక్కన బండ మీద చేత్తో తట్టింది. అతను కూర్చున్నాడు.

"ఎంతసేపు కూర్చోవాలవ్వా?"

"నన్నెందుకడుగుతావు? ఎండనడుగు."

ఆ ఏడు కూడా బిందె మహంతమ్మే మోసింది. మెట్టు మెట్టుకూ ఆగింది. శరభయ్య పక్కనే నడుస్తూ ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. అతని జడలు ముడి లేకుండా, భుజాల మీద, మొహం మీద, ఎటు పడితే అటు వేలాడుతున్నాయి. జనం చూస్తున్నారని అతనికి తెలుసు. ఆవిడ మోకాలు కీలు కిర్రుమన్నప్పుడల్లా ఆ చప్పుడు తనలో వినిపించినట్టయింది.

ఇప్పుడు బాగా వినండి, ఇక్కడే అసలు పాఠం ఉంది. జడలను చూసుకోవడమంటే వాటిని వదిలెయ్యడం కాదు. కుంకుడు పులుసుతో రుద్దాలి, పులుసు మొత్తం పోయేదాకా కడగాలి. పొడిబట్టలో చుట్టి ఒక్కొక్కదాన్నీ వత్తాలి. ఎండకు వీపు పెట్టి కూర్చోవాలి. పైన ఆరిందని లేవకూడదు. జడ మధ్యలో నొక్కి చూడాలి, అక్కడ చల్లగా తగిలితే ఇంకా ఆరనట్టే. కుదుళ్ళ దగ్గర పక్కపక్క జడలు ఒకదానిలోకి ఒకటి పోతుంటాయి. వాటిని వేళ్ళతో మెల్లగా విడదియ్యాలి. లాగారా, కుదురు తెగుతుంది. విసుక్కున్నారా, లాగుతారు. అర్థమైందా?

శరభయ్య అదంతా నేర్చుకున్నాడు. ఎవరూ చెప్పలేదు, ఆవిడ పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నాడు. మొదట్లో ఆ లావుపాటి జడ ఆరుతూ ఆరుతూ మధ్యలో పుటుక్కున తెగి అతని ఒళ్ళో పడింది. లోపలంతా నల్లగా నానిపోయి ఉంది. అందరూ కళ్ళకద్దుకున్న జడ అదే. చాలాసేపు దాన్ని చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. మహంతమ్మ చూసింది, చూడనట్టు కళ్ళు మూసుకుంది. అతను లేచి, నదిలో దాన్ని వదిలేసి వచ్చి, మళ్ళీ అక్కడే కూర్చున్నాడు.

రోజుకు మూడు స్నానాల్లో రెంటికి తల తడపడం మానేశాడు. అరుగు మీద కూర్చోవడం కూడా మానేశాడు. ఎండ ఉన్నంతసేపూ బండ మీదే ఉండేవాడు మరి.

"ఏం సామీ, వడ్లు ఆరబెట్టుకుంటున్నావా?" అని పడవవాళ్ళు నది మీద నుంచే కేకేసేవారు.

"పందికొక్కులొస్తాయని కాపలా ఉన్నా!" అనేవాడు. మొదట్లో ఆ మాటకు ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత వాళ్ళు కేకెయ్యని రోజు తనే పిలిచి పలకరించేవాడు.

ఎప్పుడైనా ఒకరు జడ ముట్టుకుని, "ఇంతేనా?" అనేవారు. "ఇంతేనమ్మా," అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు లోపల ఏదో నిటారుగా నిలబడేది. ఇంతకుముందు పొగడ్త విన్నప్పుడు కలిగింది అది కాదు. దానికి పేరేమిటో అతనికి తెలియలేదు.

మళ్ళీ శివరాత్రి వచ్చింది. ఈసారి శరభయ్య అడగలేదు. తెల్లవారుజామున స్నానానికి వెళ్ళినా తల తడపలేదు, బండ మీద కూర్చుని కుదుళ్ళు విడదీసుకుంటున్నాడు. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి అతని జడల్లోకి వెళ్ళింది. వేళ్ళు కుదుళ్ళ దాకా పోయి, అక్కడ కాసేపు ఆగాయి.

"బిందె కడిగి తీసుకురా," అంది మహంతమ్మ.

జడలను చుట్టగా చుట్టింది ఆవిడే. నీళ్ళు నిండిన బిందె ఎత్తి పెట్టింది కూడా ఆవిడే. అతని చెయ్యి దానంతటదే పైకి లేచింది.

"చెయ్యి దించు."

దించాడు. బిందె ఒక్కసారి అటూ ఇటూ ఊగింది. ఆరిన జడలు బిందె అడుగు పట్టేంత లోపలికి కుంగి, దాన్ని పట్టుకున్నాయి. ఇక కదల్లేదు.

అతను ఎక్కసాగాడు. మెట్లకు రెండువైపులా జనం. కింద నది. నెత్తి మీద చల్లటి బరువు. భుజాలు విప్పుకుని, మెడ నిలబెట్టి ఎక్కాడు. ఒక్క చుక్క తొణకలేదు. సగం మెట్ల దగ్గర ఎవరో ముసలాయన ఆయాసపడుతూ అడగడం వినిపించింది.

"ఎవరమ్మా ఆ పోయేది? ఎవరి శిష్యుడు?"

వెనక, కింది మెట్ల మీద నుంచి మహంతమ్మ గొంతు గట్టిగా వినిపించింది. అంత గట్టిగా ఆవిడ మాట్లాడగా అతనెప్పుడూ వినలేదు.

"మావాడు!"

ఒక్కసారి వెనక్కి తిరిగి ఆవిడ మొహం చూడాలనిపించింది శరభయ్యకు. నెత్తి మీద బిందె ఉంది. తల తిప్పలేదు. తర్వాతి మెట్టు ఎక్కాడు.

ఏమిటి, ఆ తర్వాతా? ఆ తర్వాత గుడి వచ్చింది, అంతే. లేవండి, నా కొంగు వదలండి. మేడ మీద గుమ్మడి వడియాలు ఒకవైపే ఆరాయి, రెండోవైపు ఇంకా తిప్పలేదు. ఎండ పోకముందే వెళ్ళాలి.