దక్షిణపు గట్టు

పూర్వం ఒక రాజ్యంలో ఏటికి రెండు వైపులా మట్టిగట్లు ఉండేవి. ఉత్తరపు గట్టుకు మాత్రమే కావలివాళ్ళు ఉండేవారు. గట్టులో పడే బుంగలను వెతికి పూడ్చడం వాళ్ళ పని. వాళ్ళలో ఓబులమ్మ ఒకతె. గండిపడి భర్త కొట్టుకుపోయినప్పటి నుంచి ఆమె ఆ పనిలోనే ఉంది.

వానాకాలం ముందు కొత్త మంత్రి భానుదత్తుడు సభలో అన్నాడు: "మహారాజా! కావలి ఉన్న ఉత్తరపు గట్టుకు నిరుడు నలభై బుంగలు పడ్డాయని కావలివాళ్ళే చెప్పారు. కావలి లేని దక్షిణపు గట్టు నుంచి ఒక్క బుంగ కబురూ రాలేదు. ఈ కూలి దండగ. వాళ్ళను తీసేద్దాం."

రాజు తలూపాడు. ఓబులమ్మ ముందుకొచ్చి చేతులు జోడించింది.

"మేం పోతాం దొరా. ఒక్క మనవి. అంత గట్టిదైన దక్షిణపు గట్టు కింద ఈ వానాకాలం మంత్రిగారు భార్యాబిడ్డలతో కాపురముంటే మా మనసులు కుదుటపడతాయి."

"ముందు ఎవరైనా ఆ గట్టు చూసి రావాలిగా!" అన్నాడు మంత్రి.

"ఇన్నేళ్ళూ ఎవరూ చూడలేదు కాబట్టే కదయ్యా, అక్కడ బుంగల్లేవంటున్నారు?"

రాజు అప్పటికప్పుడే మనుషుల్ని పంపాడు. దక్షిణపు గట్టులో అరవై మూడు బుంగలు బయటపడ్డాయి. ఒకదాంట్లో మనిషి చెయ్యి భుజందాకా దూరింది.

ఉత్తరపు కావలిని అలాగే ఉంచి, దక్షిణపు బుంగలన్నీ పూడ్పించి, ఓబులమ్మను ఆ గట్టుకు పెద్దకావలిగా పెట్టారు. ఆ వానాకాలం ఏరు రెండు గట్లనూ ఒరుసుకుంటూ పారింది. దిగువ ఊళ్ళలో ఒక్క ప్రాణమూ పోలేదు.