నలభై మూడో ఫంక్షన్

ఉమామహేష్ కంప్యూటర్‌లో నలభై రెండు ఫంక్షన్లు, అంటే ఒక్కో పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రాం ముక్కలు, రాశాడు. అన్నీ రక్తదాతల వివరాల్లోంచి కావలసినవాళ్లను వెతికి తెచ్చేవే. గ్రూపును బట్టి వెతకడానికి ఒకటి, గ్రూపూ ఊరూ కలిపి ఇంకొకటి, ఊరూ వయసూ కలిపి మరొకటి. ఆసుపత్రి రక్తనిధిలో కంప్యూటర్ పని చూసే రెబెకా వాటితో తన ప్రోగ్రాములు రాసుకునేది. ఆవిడకి యాభై దాటాయి.

ఒక సోమవారం పొద్దున్నే ఆవిడ ఫోన్ చేసింది. తనకి కావలసింది ఆ నలభై రెండింటిలో లేదంది.

"ఎలా వాడాలో రాసిచ్చాను కదండీ, సరిగ్గా చదవండి," అని ఉమామహేష్ ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నం, తనకి ప్రోగ్రామింగ్ నేర్పుతున్న అప్పలస్వామి మాస్టారి దగ్గర ఆ సంగతే ఎత్తాడు.

"ఆవిడకి అడగడం చేతకాదు మాస్టారూ. ఇప్పుడు నలభై మూడోది రాయమంటారు. రేపు నలభై నాలుగోది."

మాస్టారు లేచి చెప్పులు వేసుకున్నారు. "పద," అన్నారు.

రక్తనిధిలో రెబెకా బల్ల మీద నాలుగు జాబితాలు ప్రింటు తీసి పరిచి ఉన్నాయి. వాటి నిండా పెన్సిల్‌తో పేర్లు కొట్టేసిన గీతలు.

"కాన్పుకొచ్చిన అమ్మాయికి పొద్దున రక్తం కావలసొచ్చింది సార్," అంది మాస్టారితో. "ఇవి పక్కపక్కన పెట్టుకుని ఒక్కో పేరే చూశాను. రెండు గంటలు పట్టింది. దేవుడి దయ, గట్టెక్కింది."

తరవాత ఉమామహేష్ వైపు తిరిగింది. "ఏమనుకోకండి బాబూ. నాకే సరిగ్గా అడగడం రాలేదు."

ఉమామహేష్ చెవులు వేడెక్కాయి. కూర్చోమన్నా కూర్చోలేకపోయాడు.

మాస్టారు ఒక కాగితాన్ని ముక్కలుగా చించి, పెన్నుతో పాటు అతడి ముందు పెట్టారు. "పొద్దున ఏం కావలసొచ్చిందో చెప్పమ్మా. నువ్వు ఆవిడ చెప్పే ఒక్కో మాటా ఒక్కో చీటీ మీద రాయి."

"బి నెగెటివ్ గానీ ఓ నెగెటివ్ గానీ ఉండాలి. ఊళ్లోవాళ్లే కావాలి. ఈ మూడు నెలల్లో రక్తం ఇచ్చినవాళ్లు వద్దు."

ఉమామహేష్ రాశాడు. 'గానీ' అన్నదీ 'వద్దు' అన్నదీ కూడా విడి చీటీల మీదే రాశాడు. తన నలభై రెండు ఫంక్షన్లలో ఈ రెండు మాటలూ లేవు.

"అంతకుముందు?" అన్నారు మాస్టారు.

"ఆదివారమా సార్? ఏ నెగెటివ్ గానీ ఓ నెగెటివ్ గానీ. ఏ ఊరైనా సరే. మూడు నెలల్లో ఇచ్చినవాళ్లు మాత్రం వద్దు."

ఉమామహేష్ 'బి నెగెటివ్' చీటీ తీసి, ఆ చోట 'ఏ నెగెటివ్' అని రాసి పెట్టాడు. ఊరి చీటీ తీసేశాడు. మిగిలినవి ముట్టుకోకుండానే కొత్త ప్రశ్న తయారైంది. తీసిన చీటీలు చేతిలోనే ఉండిపోయాయి.

"ఆవిడ మాటల్లో నీకు తెలియని మాట ఏదైనా ఉందా?" అని అడిగారు మాస్టారు.

అతడు చేతిలోని చీటీలు బల్ల మీద పెట్టి రెబెకాని అడిగాడు.

"నేను ఫోన్ పెట్టేసినప్పుడు... మీ దగ్గర ఎవరైనా ఉన్నారాండీ?"

"ఆ అమ్మాయి వాళ్లమ్మ ఉంది బాబూ," అంది రెబెకా.