ప్రింటరు లెక్క సున్నాకి తెచ్చిన గవర్రాజు వాళ్ళు

తెలివైనవాళ్ళు ఒక్కరుంటేనే ఊరికి కష్టం. కోరాడవలసలో అలాంటివాళ్ళు నలుగురూ ఒకే ఇంట్లో ఉండేవారు. ఇంటిపెద్ద గవర్రాజు. వాన పడితే గొడుగు ఇంట్లోనే పెట్టి వెళ్ళేవాడు, గొడుగు తడిస్తే ఆరబెట్టేదెవరని. పాలు పొంగిపోకుండా కాచడంలో అతని భార్య పైడమ్మని మించినవారు లేరు. పాలు పెట్టాక ఆవిడ పొయ్యి వెలిగించేది కాదు. తమ్ముడు సూరన్న అద్దంలో చూసుకుని "నన్ను పోలినవాడు ఇంకొకడున్నాడు, వాడూ తెలివైనవాడిలాగే ఉన్నాడు" అనేవాడు. చెల్లెలు నీలవేణి ఊళ్ళో రవికలు కుట్టేది. చేతిలో పనితనం ఉంది. తలలో ఉన్నది మాత్రం ఇంటివాళ్ళదే.

రవికల మెడ డిజైన్లు అచ్చు వేసుకోడానికి నీలవేణి ఇంట్లో ఒక కంప్యూటరు, ఒక రంగుల ప్రింటరు పెట్టుకుంది. ఆ ప్రింటరుకి సిరా గొట్టాల నోళ్ళు కడిగే మీట ఒకటి ఉంటుంది. అక్షరాలు చెదిరినప్పుడు నొక్కాలి. గవర్రాజు అది చూశాడు.

"మనం రోజూ పళ్ళు తోముకోవట్లేదూ? దానికి మాత్రం నోరు పాచిగా ఉంచుతామా?" అన్నాడు.

"అదీ నిజమే," అన్నారు మిగతా ముగ్గురూ.

అంతే. పొద్దున్నోసారి, సాయంత్రమోసారి ఆ మీట నొక్కడం మొదలుపెట్టారు. రెండేళ్ళు గడిచాయి.

ఇలా ఉండగా పట్నంలో కుట్టు టీచరు ఉద్యోగానికి రాతపరీక్ష పడింది. ఉన్నది ఒక్క పోస్టు. నీలవేణి దానికోసం మూడేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది. హాల్ టికెట్టు ఫోనుకి వచ్చింది. రేపు పొద్దున్న పదింటికి పరీక్ష. టికెట్టు కాగితమ్మీద అచ్చు వేసుకుని రాకపోతే గేటు దాటనివ్వరు.

నీలవేణి ప్రింటరు ఆన్ చేసింది. రెండు ఎర్రదీపాలు ఒకదాని తరవాత ఒకటి మిణుకుమన్నాయి. కంప్యూటరు మీద ఏదో వచ్చింది. నీలవేణి కూడబలుక్కుని చదివింది.

"పెద్దన్నయ్యా, లోపల సిరా పీల్చే మెత్తకి సర్వీసు పూర్తయిపోయిందట."

"సర్వీసు పూర్తయిందా?" గవర్రాజు కుర్చీలోంచి లేచాడు. "అయితే ఊరికే పంపకూడదే. సన్మానం చెయ్యాలి."

ఇంకేముంది. సూరన్న శాలువా తెచ్చాడు. పైడమ్మ బంతిపూల దండ గుచ్చి ప్రింటరు మీద వేసింది. గవర్రాజు గొంతు సవరించుకుని, ఈ ప్రింటరుగారు రెండేళ్ళపాటు ఏ మచ్చా లేకుండా పనిచేశారని మొదలుపెట్టాడు.

"మొన్న కమలమ్మగారి రవిక బొమ్మ మీద మచ్చ పడింది కదన్నయ్యా," అన్నాడు సూరన్న.

"సభలో అలాంటివి ఎత్తకూడదురా."

హారతి అయింది. ప్రసాదం అయింది. అప్పుడు నీలవేణి మెల్లిగా అడిగింది: "మరి నా హాల్ టికెట్టో?"

నలుగురూ ప్రింటరు వంక చూశారు. అది శాలువాలోంచి ఎర్రగా మిణుకుమంటోంది.

"బజార్లో అచ్చువేసే కొట్టుకి వెళ్దామా?" అంది నీలవేణి.

"ఇంట్లో ప్రింటరు పెట్టుకుని కొట్టుకెళ్తే జనం ఏమనుకుంటారు? తెలివితక్కువవాళ్ళనుకోరూ?" అంది పైడమ్మ.

చివరికి పట్నంలో ప్రింటర్లు బాగుచేసే జోగినాయుడికి ఫోను చేశారు. జోగినాయుడు ఓపికమంతుడు. పిల్లలకి చెప్పినట్టు చెప్పాడు.

"చూడండి గవర్రాజుగారూ. ప్రింటరు నోరు కడుక్కున్నప్పుడల్లా కాస్త సిరా ఉమ్ముతుంది. అది అడుగున ఒక స్పాంజిలోకి పోతుంది. ఎంత ఉమ్మిందో అది లెక్క పెట్టుకుంటుంది. లెక్క నిండితే, ఇక స్పాంజి పట్టదు, కారిపోతుంది అని పని ఆపేస్తుంది. రోజుకెన్నిసార్లు కడిగారేంటి?"

"రెండుసార్లేనండి. పండగలకి మాత్రం తలంటు పోసినట్టు ఓ పదిసార్లు."

జోగినాయుడు అన్నాడు: "రెండు పనులు చెయ్యాలి. ఒకటి, స్పాంజి తీసి ఉతికి, ఆరాక పెట్టాలి. రెండు, లెక్కని మళ్ళీ సున్నాకి తేవాలి. మొదటిది చెయ్యకుండా రెండోది చేస్తే ఇల్లంతా సిరా అవుతుంది. ముందు కరెంటు తీసెయ్యండి."

అంతే. సూరన్న పరుగెత్తి ఇంటి మెయిను దించేశాడు. ఫ్యాను ఆగింది. కంప్యూటరు ఆరిపోయింది. ఆరిపోయిన కంప్యూటరు ముందు చెమటలు కక్కుకుంటూ నలుగురూ మరలు విప్పి, అడుగునున్న స్పాంజి బయటికి లాగారు. అది నల్లగా, బరువుగా, నానబెట్టిన తెలకపిండిలా ఉంది.

"ఉతకమన్నారు కదా," అని పైడమ్మ దాన్ని బకెట్లో వేసింది. ఒక్కదానికోసం సబ్బు ఖర్చెందుకని అదే బకెట్లో గవర్రాజు పంచెలు, సూరన్న చొక్కాలు, నీలవేణి పరీక్షకి కట్టుకోవాలనుకున్న తెల్లచీర కూడా వేసింది. బాగా పిసికింది. తీసి చూస్తే పంచెలు నేరేడుపండు రంగు, చొక్కాలు వంకాయ రంగు. తెల్లచీర మీద మబ్బులూ మెరుపులూ.

"స్పాంజి మాత్రం తెల్లబడింది," అంది పైడమ్మ తృప్తిగా. "మంచి స్పాంజే."

దాన్ని దండెం మీద ఆరేశారు. ఓ కాకి వచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది. స్పాంజిని ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. సూరన్న వీధి చివరిదాకా తరిమి, వట్టిచేతులతో వచ్చాడు.

"దానికి గూట్లో మెత్తగా ఉంటుందిలే," అన్నాడు.

నీలవేణికి ఏడుపు వచ్చినంత పనైంది. "పెద్దన్నయ్యా, స్పాంజి లేకపోతే ప్రింటరు లేదు. ప్రింటరు లేకపోతే టికెట్టు లేదు. టికెట్టు లేకపోతే ఇంకో మూడేళ్ళు రవికలే."

గవర్రాజు గడ్డం నిమురుకున్నాడు. "పైడమ్మా, మొన్న మా మేనమామ వచ్చినప్పుడు నీ ఇడ్లీలు తిని ఏమన్నాడు?"

"స్పాంజిలా ఉన్నాయన్నారు."

"ఊళ్ళో ఇంకెవరన్నా అన్నారా?"

"తిన్న ప్రతివాళ్ళూ అన్నారు."

"ఇంతమంది అబద్ధం చెప్తారా?"

అంతే. పైడమ్మ ఆ పూట పొయ్యి వెలిగించింది. ఇడ్లీపాత్ర ఆవిరి కక్కింది. నాలుగు ఇడ్లీలు వేడివేడిగా తీసి, స్పాంజి ఉండే అరలో వరసగా పేర్చారు. సరిగ్గా పట్టాయి. సూరన్న ఓ చివర కొరికి చూస్తానన్నాడుగానీ అన్నయ్య ఊరుకోలేదు.

మళ్ళీ జోగినాయుడికి ఫోను చేశారు.

"స్పాంజి పెట్టారా?"

"పెట్టామండి. వేడివేడిగా నాలుగు."

"నాలుగేమిటి?"

"మెత్తటివేనండి, అనుమానం పెట్టుకోకండి."

వెనక కొట్లో ఎవరో పిలుస్తుంటే జోగినాయుడు ఆ మాట పట్టించుకోలేదు. "సరే, ఇప్పుడు కంప్యూటరు ఆన్ చెయ్యండి."

"కరెంటు లేదండి."

"ఎందుకు లేదు?"

"మీరే తీసెయ్యమన్నారు."

"పెట్టండి బాబూ. పెట్టాక, ప్రింటరు మీట నొక్కి పట్టుకోండి. నేను వదలమని చెప్పేదాకా వదలకండి."

సూరన్న మెయిను ఎత్తాడు. గవర్రాజు చూపుడువేలితో మీట నొక్కి పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే పొద్దుట్నించీ ఛార్జింగు లేని ఫోను చప్పున చచ్చింది.

గవర్రాజు పట్టుకునే ఉన్నాడు. అరగంటైంది. గంటైంది.

"ఫోనుకి ఛార్జింగు పెట్టి మనమే అడుగుదామా?" అంది నీలవేణి.

"ఆయన చెప్పేదాకా అన్నారు. మనం అడిగేదాకా అన్లేదు," అన్నాడు గవర్రాజు.

మధ్యాహ్నం భోజనం పైడమ్మే ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. చెంప మీద దోమ వాలితే సూరన్న కొట్టాడు. దోమ పోయింది, చెంప మిగిలింది. వేలు తిమ్మిరెక్కితే నీలవేణి కొబ్బరినూనె రాసింది. ఇంటికొచ్చినవాళ్ళతో పైడమ్మ "ఆయన పనిలో ఉన్నారు" అని గర్వంగా చెప్పింది.

పొద్దు వాలుతుండగా నీలవేణి హాల్ టికెట్టు ఇంకోసారి చూసుకుందామని ఫోను ఛార్జింగుకి పెట్టింది. పెట్టగానే మోగింది.

"ఏమయ్యారండీ? మధ్యాహ్నం నుంచి చేస్తున్నాను," అన్నాడు జోగినాయుడు.

"పట్టుకుని ఉన్నారండి."

"ఏం పట్టుకుని?"

"మీటండి."

"వదిలెయ్యమనమ్మా. అయిదు క్షణాలు చాలు."

ఆ తరవాత జోగినాయుడు కంప్యూటరుకి ఒక చిన్న ప్రోగ్రాం పంపాడు. ఎక్కడ నొక్కాలో నీలవేణికి చెప్పాడు. నొక్కింది. నూరు దగ్గర నిండుగా ఉన్న లెక్క గిర్రున తిరిగి సున్నా అయింది. ఎర్రదీపాలు ఆరిపోయాయి. ఒక్క పచ్చదీపం నిదానంగా వెలిగింది.

నలుగురూ ఆ సున్నాని చూస్తూ నిలబడ్డారు. గుండ్రంగా, ముద్దుగా ఉంది.

నీలవేణి టికెట్టు అచ్చు వెయ్యబోయింది. గవర్రాజు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వేలు ఇంకా వంకరగానే ఉంది.

"ఆగు తల్లీ. ఇప్పుడు అచ్చు వేస్తే ఏమవుతుంది?"

"టికెట్టు వస్తుంది."

"లెక్కో?"

నీలవేణి ఆలోచించింది. "సున్నా పోతుంది."

"పొద్దుట్నించి ఇంతమందిమి కష్టపడి తెచ్చిన సున్నా," అన్నాడు గవర్రాజు. "ఒక్క కాగితం కోసం పాడుచేసుకుంటామా?"

"అదీ నిజమే," అన్నాడు సూరన్న. "కానీ టికెట్టు లేకుండా పిల్లని లోపలికి రానివ్వరు కదా."

"టికెట్టు లేకపోవడమేంటి? అచ్చు వెయ్యడమే తరువాయి, ఇందులో ఉన్నట్టే. ప్రింటరే పట్టుకెళ్దాం. కావలిస్తే వాళ్ళే తీసుకుంటారు."

ఇంకేముంది. మర్నాడు పొద్దున్నే ఏడింటి బస్సుకి నలుగురూ బయల్దేరారు. నీలవేణి మబ్బులూ మెరుపులూ ఉన్న చీర కట్టింది. సూరన్న తలపాగా చుట్టి దాని మీద ప్రింటరు పెట్టుకున్నాడు. బస్సు గతుకుల్లో ఎగిరింది. గొట్టాల్లో మిగిలిన సిరా కదిలి కిందికి దిగింది. ఇడ్లీలు పీల్చగలిగినంత పీల్చాయి. ఆ తరవాత విడిపోయాయి. సూరన్న నుదుటి మీంచి ఒక నల్లచార, చెవి పక్కనుంచి ఒక ఎర్రచార, మెడ మీద ఒక పసుపుచార దిగాయి. పసుపుచారలో ఇడ్లీరవ్వ కూడా ఉంది.

పక్కసీటు ముసలావిడ ఉండబట్టలేకపోయింది. "బాబూ, నెత్తిమీంచి సిరా కారుతోంది."

"సిరా కాదమ్మా. కంప్యూటరులో సున్నా అని మా కళ్ళతో చూశాం," అన్నాడు సూరన్న కళ్ళు తుడుచుకుంటూ.

"మరి అదేంటి?"

గవర్రాజు తమ్ముడి మొహం పరీక్షగా చూశాడు. "చెమట. మావాడికి ఉక్కపోత ఎక్కువ."

పరీక్ష కేంద్రం గేటు దగ్గర కళ్ళజోడు పెట్టుకున్న మేడం ఒకావిడ టికెట్లు చూస్తోంది. నీలవేణి వంతు వచ్చింది. సూరన్న వంగి ప్రింటరు ఆవిడ బల్ల మీద పెట్టాడు.

"ఏమిటిది?"

"నా హాల్ టికెట్టు మేడం," అంది నీలవేణి. "ఇందులో ఉంది."

మేడం ప్రింటరుని చూసింది. సూరన్నని చూసింది. చీరని చూసింది. గడియారం చూసింది. తొమ్మిదీ నలభై. మూడేళ్ళు రవికలు కుట్టిన నీలవేణి వేళ్ళ చివర్లు సూది పోట్లతో గరుకుగా ఉన్నాయి. మేడం అవి కూడా చూసింది.

"ఫోనులో ఉందా అమ్మా?"

"ఉంది మేడం."

"ఇటివ్వు."

లోపల ఆఫీసు గదిలో ప్రింటరు రెండుసార్లు గరగరమంది. మేడం కాగితం తెచ్చి నీలవేణి చేతిలో పెట్టింది.

గవర్రాజు నొచ్చుకున్నాడు. "అయ్యో మేడం, మా కోసం మీ సున్నా పాడు చేసుకున్నారు."

మేడం తరవాతివాళ్ళని పిలిచింది. నీలవేణి లోపలికి వెళ్ళింది.

మూడు గంటలు ముగ్గురూ గేటు బయట ప్రింటరు చుట్టూ కూర్చున్నారు. ఒంటిగంట కొట్టగానే అమ్మాయిలు బయటికొచ్చారు. వాళ్ళలో నీలవేణి. మొహం వెలిగిపోతోంది.

"ఎలా రాశావే?" అంది పైడమ్మ.

"అన్నీ వచ్చాయి వదినా. రవిక కొలతలు, అంచు మడత, చేతి కాజా, ఒక్కటి కూడా వదల్లేదు. రెండుసార్లు సరిచూసుకున్నాను."

"అయితే ఉద్యోగం నీదే," అన్నాడు గవర్రాజు.

"అక్కడితో ఆపలేదు పెద్దన్నయ్యా. ఇచ్చే ముందు చూస్తే మొదటి పేజీలో మార్కుల గడి ఖాళీగా ఉంది. మన ప్రింటరు లెక్కలాగా నిండిపోతే మార్కులు ఆగిపోతాయి కదా అని భయమేసింది. నేనే పెన్నుతో బాగా దిద్ది సున్నా వేసి ఇచ్చాను. ఇక వాళ్ళు మొదటినుంచీ ఎన్నైనా వేసుకోవచ్చు."

గవర్రాజు చెల్లెలి తల మీద చెయ్యి వేశాడు. సూరన్న రంగులు కారుతున్న మొహంతో నవ్వాడు.

పైడమ్మకి మాత్రం చిన్న అనుమానం. "ఒక్క సున్నాయే వేశావా తల్లీ? సరిపోతుందా?"

"గడిలో చోటుంది వదినా," అంది నీలవేణి. "మూడు పెట్టాను."