కాగినా తెరుచుకోని వాల్వు

మా ఆయన దస్తగిరి ఇంజన్ల మేస్త్రి. ఎవరేం అడిగినా వెంటనే బదులు చెప్పే మనిషి కాదు. చేతిలో పానా పెట్టి, "ముందు ఇది తిప్పు" అనేవాడు. ఇప్పుడు ఆయన లేడు. ఆయన మాట చెప్పడానికి నేను మిగిలా, చెప్తన్నా.

ఆయన దగ్గర కాశయ్య అని, ఇద్దరు పిల్లల తండ్రి, పని నేర్చుకునేవాడు. వాళ్ళన్న పోయి నెల కూడా తిరగలా. అన్న వేసిన వరి పండి ఒరిగిపోయింది, పడమట మబ్బు కమ్ముకుంటంది. వదినకీ పిల్లలకీ ఏడాది తిండి ఆ చేనే. తెచ్చిన కోతమిషను ఇంజను ఉడికిపోయి గట్టు దగ్గరే ఆగింది. దాన్ని బాగుచెయ్యడానికి మా ఆయన బయల్దేరాడు. టీ సామాను పట్టుకుని నేనూ వెనకే వెళ్ళా.

కాశయ్య పళ్ళు బిగించి బోల్టులు విప్పుతా అడిగాడు. "ఉస్తాదూ, లోపల్నించి ఏడుపు తన్నుకొస్తంది. ఏడిస్తే పని ఆగిపోద్ది. ఎట్టా ఆపుకోవాల?"

"ముందు దీని సంగతి చూడు. పైపు పట్టుకో."

నీళ్ళు నిండుగానే ఉన్నాయి, ఫ్యాను బెల్టు బిగువుగానే ఉంది. ఇంజను పెనంలా కాలతంటే రేడియేటరుకి పోయే పైపు మాత్రం చల్లగా ఉంది.

"కాగిన నీళ్ళు బయటికి రావట్లేదు. కాగితే తెరుచుకోవాల్సిన వాల్వు మధ్యలో మూసుకుపోయింది" అన్నాడు కాశయ్య.

ఇంజను చల్లారాక వాల్వు తీశారు. దాన్ని నా టీ గిన్నెలో వేసి పొయ్యి ఎక్కించాడు మా ఆయన.

"నా గిన్నె కూడా వదలవా అయ్యా? ఇంక ఇందులో టీ ఎవరు తాగుతారు?"

"నీ టీ కంటే ఇదే చిక్కగా ఉంటదిలే."

నీళ్ళు తెర్లినా అది నోరు తెరవలా. సంచిలోంచి అదే రకం ఇంకోటి తీసి వేశాడు. కాగేకొద్దీ అది మెల్లగా తెరుచుకుంది. బయటపెడితే చల్లారి మళ్ళీ మూసుకుంది.

కాశయ్య మబ్బు వంక చూశాడు. "ఇదంతా ఎందుకు ఉస్తాదూ? అందరూ చేసేదే, వాల్వు పీకి పారేసి తోలదాం."

"పీకేస్తే ఇంజను సరిగ్గా వేడెక్కదు. పొగ కక్కుద్ది, బలం ఉండదు. మంచిది బిగించు."

బిగించాడు. మిషను చేలో దిగింది. ఎంత తిరిగినా వేడి ముల్లు ఎర్రగీత దాటలా. ధాన్యం పట్టా కిందికి చేరాక చినుకు మొదలైంది. కాశయ్య ఇంకా పళ్ళు బిగించే నిలబడ్డాడు.

"నేనడిగిందానికి చెప్పలేదే ఉస్తాదూ."

మా ఆయన గడ్డితో చేతుల గ్రీజు తుడుచుకున్నాడు. "వాల్వు తెరుచుకున్నందుకు ఆగిపోయిన బండి ఒక్కటి కూడా నేను చూళ్ళేదురా" అన్నాడు.