తెరచాప మీది గుర్తు

పూర్వం ఒక రేవు రాజ్యానికి గాలివానలో ఓ పడవ కొట్టుకొచ్చింది. అందులో చీనావాడు, జపానువాడు, కొరియావాడు ముగ్గురే నావికులు. తెరచాప మీద ఒకే ఒక్క చీనా అక్షరం ఉంది. తెరచాపతో సహా ముగ్గుర్నీ రాజసభకు తెచ్చి చదవమంటే చీనావాడు ‘ము’ అన్నాడు, జపానువాడు ‘హహ’ అన్నాడు, కొరియావాడు ‘మో’ అన్నాడు.

“ఒక్క అక్షరానికి మూడు పలుకులా? వీళ్ళు గూఢచారులు ప్రభూ, చెరలో వేయించండి!” అని ఆస్థాన పండితుడు మండిపడ్డాడు.

ఉతికిన బట్టలు తెచ్చిన చాకలి గవరమ్మ గుమ్మంలోనే ఆగింది. “పలకమనకండి ప్రభూ. ఒక్కొక్కణ్ణే పిలిచి, అదేమిటో చూపించమనండి.”

మొదటివాడు సభంతా కలియజూసి, పసిబిడ్డతో కూర్చున్న రాణిగారిని చూపించాడు. రెండోవాడూ అంతే. మూడోవాడు అక్షరంలోని రెండు చుక్కలను తాకి, బిడ్డ పాలు తాగుతున్నట్టు సైగ చేసి, రాణిగారికి దణ్ణం పెట్టి ఏడ్చేశాడు.

“అమ్మ!” అన్నాడు రాజు మెల్లగా.

“నీకెలా తెలిసిందే?” అని గొణిగాడు పండితుడు.

“బట్ట ఎవరిదో తెలియడానికి తమరి పంచె మీద నేను జీడిరసంతో పెట్టే గుర్తుని నేను పంతులుగారిల్లంటాను, మా ఆయన ఎత్తరుగులిల్లంటాడు. ఎవరేమన్నా పంచె తమరింటికే వస్తోంది కదయ్యా! వీళ్ళనీ ఇళ్ళకి చేర్పించండి ప్రభూ. మూడిళ్ళలోనూ అమ్మలు ఎదురుచూస్తుంటారు.”