పదును తెలిసిన వరహాలు

బెల్లం వండే చోటికి వెళ్లి వచ్చారుగా, ఏం చూశారో చెప్పండి. పెద్ద పెనం, పొంగే పాకం, పక్కన నిలబడి అరిచే మనిషి. అంతేనా? అయితే మీరేమీ చూడలేదు. కూర్చుని వినండి.

అనకాపల్లి దగ్గర ఒక ఊళ్లో వరహాలు అనే బెల్లం వంటగాడు, పాకం పదును తనకు తెలిసినట్టు భూమ్మీద ఎవరికీ తెలియదని విర్రవీగుతూ ఉండేవాడు. మరుగుతున్న పాకాన్ని చెంబులో నీళ్లలో కొంచెం వేసి, ఉండ కట్టిందని చూసుకుని, "దించండి" అని అరిచేవాడు. నలుగురు కలిసి పెనం లాగేవారు. ఇరవై ఏళ్లలో ఒక్క వంటా చెడలేదు. పొయ్యి వెనక గుంటలో కూర్చుని చెరకు పిప్పి ఎగదోసే ముసలి అప్పికొండ వైపు మాత్రం ఎవరూ చూసేవారు కాదు.

ఆ ఏడు నూకాలు అనే ఆవిడ అర ఎకరం చెరకు వంటకు వచ్చింది. మొగుడు పోయాడు, ఇద్దరు పిల్లలు. ఆ అర ఎకరమే వాళ్లకు ఏడాది తిండి. మొదటిరోజు సగం చెరకు వండారు. బెల్లం బంగారంలా వచ్చింది. అందరూ వరహాలును పొగుడుతుంటే అప్పికొండ మెల్లగా, "అల్లుడూ, కాస్త ముందుగా కేక వెయ్యి. నీ కేక రోజూ ఆలస్యమవుతోంది" అన్నాడు.

వరహాలుకు ఒళ్లు మండింది. "పిప్పి ఎగదోసేవాడివి, నాకు పదును చెబుతావా మావా? దున్నపోతును కూర్చోబెట్టినా నీ పని చేస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు. ముసలాయన తువ్వాలు దులుపుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు పొయ్యి దగ్గర వేరే కూలీ కూర్చున్నాడు. వరహాలు ఎప్పటిలాగే పాకం నీళ్లలో వేశాడు. ఎప్పటిలాగే చూశాడు. ఎప్పటిలాగే అరిచాడు. పెనం దించేలోపే మాడు వాసన కొట్టింది. తొట్టెలో పోస్తే నల్లగా, నోట పెట్టుకోలేనంత చేదుగా ఉంది.

"చెరకులోనే ఉంది దోషం. ఉప్పు నేల" అన్నాడు వరహాలు.

నూకాలు ఏడవలేదు. "నిన్నటిదీ ఆ మడిలోదే అన్నా" అంది.

చుట్టూ ఉన్నవాళ్లంతా వరహాలు వైపే చూశారు. అతను తల దించుకుని నేరుగా అప్పికొండ ఇంటికి నడిచాడు. లోపలికి రమ్మన్నా వెళ్లకుండా, నిన్నటిదాకా ఒక్క వంటా ఎందుకు చెడలేదని వాకిట్లోనే నిలబడి అడిగాడు.

"పాకం ఉడికే చప్పుడు మారగానే మంట బయటికి లాగేసేవాణ్ణి. నువ్వు ఆ తర్వాత అరిచేవాడివి."

"ఇన్నేళ్లూనా? ఒక్కసారైనా చెప్పలేదేం మావా?"

"నిన్న చెప్పాను కదా అల్లుడూ."

ఆ ఏడు తనకు కూలి కింద వచ్చిన బెల్లమంతా వరహాలు నూకాలు ఇంటికి మోసుకెళ్లాడు. ఆ పిల్లల మొహం చూడలేక అరుగు మీద దించి వచ్చేశాడు. సిగ్గుపడ్డాడు. పడాలి మరి. అతని గొప్పలకు బలైంది ఆ పిల్లల కూడు.

మన తప్పులను పక్కవాళ్లు నోరెత్తకుండా దిద్దుతున్నంతకాలం ఆ నేర్పంతా మనదేననుకుంటాం. దిద్దే చేతిని తరిమేశాకే మన నేర్పెంతో తెలుస్తుంది. అప్పటికి నష్టం ఇంకొకరి నెత్తిన పడి ఉంటుంది. ఇప్పుడు చెప్పండి, మీ పనిని మీకు తెలియకుండా దిద్దుతున్నది ఎవరు?