ఓబులేసు ఇంజను

దొర నోటిమాటే చట్టంగా చెలామణి అయిన సంస్థానం అది. అక్కడ రాళ్లు కొట్టే కూలీలంతా కలిసి పాత ఇనుములో ఓ లారీ కొన్నారు. దాని ఇంజను మీద పేరూ లేదు, నంబరూ లేదు. అయినా మెకానిక్ దస్తగిరి దానికి ప్రాణం పోశాడు. ఇక రాయి దొర బండ్లెక్కకుండానే సంతకు పోసాగింది.

వారం తిరక్కుండా దొర ఆ లారీని చావడికి ఈడ్పించాడు. "ఆ ఇంజను నా నూనె మిల్లులోది. ఈ దొంగలు ఎత్తుకొచ్చారు," అన్నాడు మునసబుతో.

దస్తగిరికి ఒళ్లు మండిపోయింది. చెమటోడ్చేవాడికి నాలుగు చక్రాలు దక్కితే వీళ్లకు నిద్ర పట్టదు.

"ఇంజన్ల సంగతి నీకు తెలుసు కదరా. ఎవరిదో చూసి చెప్పు," అన్నాడు మునసబు.

దస్తగిరి బానెట్ ఎత్తి, తీరిగ్గా చూసి దించాడు.

"దొరవారిదే సామీ. మిల్లుదంటే, నిరుడు మా అన్న ఓబులేసును బెల్టుతో లాక్కొని చంపింది ఇదే. అప్పుడు దొరవారు ఇదే చావడిలో, మిల్లులో ఇంజనే లేదు, గానుగలు ఎద్దులే తిప్పుతాయి, ఓబులేసు తాగి పడి చచ్చాడని రాసిచ్చారు. ఆ కాగితం తీయండి. అది అబద్ధమని కొట్టేసి, కిందనే ఈ ఇంజను నాదని సంతకం పెడితే, లారీ ఇప్పుడే వదిలేస్తాం."

మునసబు కాగితాల పెట్టె వైపు చెయ్యి చాపాడు. దొర ముఖం మాడిపోయింది.

"సరిగ్గా చూస్తే మాది కాదు," అన్నాడు లేస్తూ.

"మరి ఏ ఇంజనని రాయమంటావురా?" అన్నాడు మునసబు.

దస్తగిరి స్టార్ట్ చేసే హ్యాండిల్ అందుకున్నాడు.

"పేరు లేదు కదా సామీ. ఓబులేసు అని రాసుకోండి."